ఒంటిరంగు లైనింగు

మా ఆడపడుచు కూతురి పెళ్ళికి సంగీత్ పెట్టాలా వద్దా అని మా ఇంట్లో ఎవరూ వాదించలేదు. ప్రొద్దుటూరులో మా వీధిలోనే ఉన్న ఇంకో బట్టల అంగడివాళ్ళు కిందటి పెళ్ళిళ్ళ సీజన్లో గండికోట దగ్గర రిసార్టులో సంగీత్ చేసి, బెంగళూరు నుంచి బెల్లీ డ్యాన్సరును పిలిపించారు. ఆ వీడియో మా మామ ఫోనుకు వచ్చినప్పుడల్లా ఆయన చివరిదాకా చూసి, "ఛీ, ఏం కాలమొచ్చెప్పా" అనేవారు. కాబట్టి మనమూ పిలిపించాలన్నది ఎప్పుడో తేలిపోయింది. తేలనిది ఒక్కటే, ఆమె కడుపు.

అదే సంగీత్‌లో మా పాపకూ ఒక పాట ఇస్తానని ఆడపడుచు మాటిచ్చింది. పాపకు ఎనిమిదేళ్ళు. అది చేస్తానన్నదీ బెల్లీ డ్యాన్సే. ఎక్కడ నేర్చిందో చెప్పాలంటే నా నడుము సంగతి చెప్పాలి.

రెండో కాన్పు తర్వాత నా నడుము నా మాట వినడం మానేసింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని లేవాలంటే మంచం పట్టె పట్టుకోవాల్సి వచ్చేది. మా పై అంతస్తులో అద్దెకున్న బ్యాంకు ఆఫీసరు భార్య, బదిలీల మీద ఊరూరూ తిరిగిన మనిషి, ఎక్కడో ఈ నాట్యం నేర్చుకుందట. పొద్దున సోఫాలు గోడకు జరిపి, తన హాల్లో కొంతమంది ఆడవాళ్ళకు నేర్పేది. పక్కటెముకలను కదలనివ్వకుండా నడుమును మాత్రం తిప్పాలి. కడుపు కండను అలలాగా పైనుంచి కిందికి జార్చాలి. చదివింది జంతుశాస్త్రమైనా, నా కండ ఏది ఎక్కడుందో నాకు అప్పటిదాకా తెలియదు. మొదట్లో నా ఒంట్లో కదిలింది సిగ్గు ఒక్కటే. సెలవు రోజుల్లో పాప నా వెంట వచ్చేది. నాకు నెలలు పట్టినది దానికి ఒక్క పూటలో వచ్చేసింది. వెల్లకిలా పడుకుని కడుపు మీద రూపాయి బిళ్ళ పెట్టుకుని దొర్లించేది. నా కడుపు మీద బిళ్ళ హుండీలో పడ్డట్టు ఒకేచోట ఉండిపోయేది.

మా అత్తకు ఈ నాట్యమంటే కోపం లేదు. దాని పేరంటేనే కోపం.

"యాడికి పోతాండావని ఎవరన్నా అడిగితే యోగాకని చెప్పు," అంది. "కడుపు పేరెత్తద్దు."

"యోగాలోనూ కడుపు ఉంటుంది గదత్తా."

"ఉంటే ఉండనీ. యోగాలో కడుపుకు మర్యాద ఉండాది."

పాప చేస్తుంటే మాత్రం ఇంటిల్లిపాదీ మురిసేవాళ్ళు. భోజనాలయ్యాక "ఏదీ, ఆ పాము మాదిరి చెయ్యి" అని అడిగి మరీ చేయించుకునేవాళ్ళు. పులివెందుల నుంచి ఆడపడుచు వచ్చిందంటే రెండోసారీ చేయించేది. చేయించి, చప్పట్లు కొట్టి, ఆఖర్న నావైపు తిరిగి, "ఈ యేడు చెయ్యనీలే. వచ్చే యేటికి పెద్దదైతాది" అనేది. ఈ యేటికీ వచ్చే యేటికీ మధ్య నా కూతురి కడుపుకు ఏమవుతుందని అడిగితే, "నీకు తెలీదా ఏంది?" అని నవ్వేది. నాకు తెలుసు. తెలుసు కాబట్టే భయం. అది నిన్నటిదాకా ముద్దు, రేపటి నుంచి తప్పు అని ఎవరో ఒకరు దానికి చెబుతారు. ఎవరు చెబుతారో, ఎప్పుడు చెబుతారో, ఆ మాట విన్నప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో, పిల్లలు పడుకున్నాక నేను ఆలోచించేది అదే. ఇది రాస్తున్నదీ అలాంటి పూటే.

జమ్మలమడుగులో మా అమ్మ రిటైరైన టీచరు. ఆమెకు ఫోన్ చేశాను, ధైర్యం చెబుతుందని.

"దానికి కూచిపూడి నేర్పియ్యొచ్చు గదా? అది కళ," అంది.

"ఇది కాదా?"

"కూచిపూడిలో ముందు భూమికి మొక్కుతారు."

"దీంట్లోనూ మొక్కమంటా. అప్పుడు కళ ఐతాదా?"

"నీకు నోరెక్కువ. కూచిపూడిలో ఒళ్ళంతా కప్పుకుని ఉంటారు, దేవుని కథ చెప్తారు."

"మీ అమ్మ అప్పట్లో నాట్యం చేసేవాళ్ళను గడప తొక్కనిచ్చేది కాదని నువ్వే చెప్పినావు."

"అది వేరే," అంది అమ్మ. నాకు తెలిసి ఈ జిల్లాలో కళ గురించి జరిగిన చర్చలన్నీ అక్కడికే వచ్చి ఆగుతాయి.

మా అత్తవారి సొంతూరు వేముల పక్కన పల్లె. తిరునాళ్ళప్పుడు అక్కడ రికార్డింగ్ డ్యాన్సుకు మా మామే చందా ఇస్తారు. చెక్కభజన అయ్యేదాకా ఆడవాళ్ళం ముందు వరుసలో కూర్చోవచ్చు. తర్వాత మైకులో "ఆడోళ్ళు, పిల్లోళ్ళు ఇండ్లకు పొండి" అంటారు. మేం లేస్తాం, మామ మా కుర్చీల్లోకి జరుగుతారు. దాన్ని కళ అని గానీ పాపం అని గానీ ఆయన ఏనాడూ అనలేదు. ఆనవాయితీ అంటారు. ఆనవాయితీకి కడుపు కనపడినా ఫరవాలేదన్నమాట.

సంగీత్‌కు ఆ సౌకర్యం లేదు. వియ్యపురాళ్ళు ఉంటారు, వాళ్ళను ఇండ్లకు పొండి అనడానికి లేదు. అందుకని మా హాల్లో పంచాయితీ పెట్టారు. మామ, ఆయన తమ్ముడు, ఆడపడుచు భర్త, మా ఆయన నలుగురూ కూర్చున్నారు. ఈవెంటు అతను స్పీకర్ ఫోన్లో ఉన్నాడు.

"డ్యాన్సు ఉండల్లప్పా. కడుపు మాత్రం కనపడగూడదు," అన్నారు మామ.

"సార్, అది బెల్లీ డ్యాన్స్ సార్. బెల్లీ అంటేనే కడుపు సార్."

"తెలుసులేప్పా. కడుపు ఉండనీ. కనపడగూడదంతే."

"ఫుల్ గౌన్ వేయించమంటారా సార్?"

"గౌనేస్తే ఇంగ బెంగళూరు నుంచి పిలిపించేది దేనికి?" అన్నారు చిన్నమామ. "గౌన్లేసుకునేటోళ్ళు మన ఊర్లో ల్యారా?"

అప్పుడు మా మామ మొహం వెలిగింది. "మనది బట్టలంగడి. గుడ్డతో తీరని కష్టం యాడన్నా ఉండాదా? ఒంటిరంగు లైనింగు వేపిద్దాం."

ఇంకెవరికీ రాని ఆలోచన అది. ఆమె ఫోటో ఫోన్లో పెద్దది చేశారు. లైనింగు గుడ్డల షేడ్ కార్డు పక్కన పెట్టారు. నలుగురూ కళ్ళద్దాలు సర్దుకుని దాని మీదికి వంగారు. ఒకరు బాదం రంగన్నారు, ఒకరు గోధుమ రంగన్నారు. చిన్నమామ టీ పొడి ఎక్కువేసిన టీ రంగన్నారు. "లైట్ల కింద ఒక నెంబరు తెల్లగా కనపడతాది, ఒకటి దించండి" అన్నాడు మా ఆయన. రంగు కలవడంలో మా అంగడికి మంచి పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు.

అత్త కాఫీలు తెచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఏంది, అంత మీదబడి చూస్తాండారు?"

"గుడ్డ," అన్నారు మామ తలెత్తకుండా.

"దాంట్లో గుడ్డ యాడుండాది?"

నేను ఉండబట్టలేక, "మామా, ఒంటిరంగే వేస్తే వేసినట్టు కనపడదు గదా?" అన్నాను.

"అదే గదమ్మా కావల్సింది," అన్నారు, నా చదువు మీద జాలితో. "స్టేజీకి అందం చెడగూడదు, మనకు మర్యాద చెడగూడదు."

పులివెందులలో ఫంక్షన్ హాలు. మా బంధువులంతా వడ్డాణాలతో దిగారు. ప్రొద్దుటూరు బంగారం కదా, కనపడకపోతే పెట్టుకుని ప్రయోజనం లేదు. అందుకని పమిటను ఒక పక్కకు జరిపి పిన్ను పెట్టుకున్నారు. ఎటు చూసినా బంగారు పట్టీ, దాని పైనా కిందా ఇంత కడుపు. మర్యాదస్తుల కడుపులు కాబట్టి వాటి మీద ఎవరూ పంచాయితీ పెట్టలేదు.

లైనింగు గుడ్డ ఇచ్చి నన్ను డ్యాన్సరు గదిలోకి పంపారు, చదువుకున్నదాన్ని నాజూగ్గా చెబుతానని. పాప నా కొంగు పట్టుకుని వచ్చింది. డ్యాన్సరు ముప్పై దాటిన మనిషి. మోకాలికి పట్టీ వేసుకుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోయించుకుంటోంది. గుడ్డ తిప్పి తిప్పి చూసి, కన్నడం కలిసిన తెలుగులో అడిగింది.

"ఏనక్కా ఇది? బ్యాండేజా?"

చెప్పాను. ఆమె పగలబడి నవ్వింది. "ఒక్కో ఊర్లో ఒక్కోటి అక్కా. ఒక పెండ్లిలో కడుపుకు మల్లెపూల దండ చుట్టినారు. డ్యాన్స్ అయ్యేతలికి స్టేజీ మీద పూలే, కడుపు మీద దారమే." అని, ఊపిరి వదిలి, ఆ గుడ్డను తానే సూదీ దారంతో కుట్టుకుంది.

పాప ఆగలేక, "ఆంటీ, నేనూ చేస్తా ఇయ్యాల," అంది.

"ఏదీ?"

పాప చేసింది. ఆమె నవ్వలేదు, ముద్దు చేయలేదు. పాప మోకాలి మీద చెయ్యి పెట్టి, "ఇది గట్టిగా పెట్టద్దు పుట్టీ. వదులు చెయ్యి. ఆ, ఇప్పుడు," అంది. పాప నడుము అంతకు ముందు ఎన్నడూ తిరగనంత తేలిగ్గా తిరిగింది. ఆ రోజు ఆ హాల్లో నాట్యం గురించి ఎవరైనా మాట్లాడారంటే అది ఆ గదిలో మాత్రమే.

ఆమె స్టేజీ ఎక్కింది. పసుపు లైటు పడింది. మా అంగడి రంగు అద్భుతంగా కలిసింది. మూడో వరుస నుంచి చూస్తే గుడ్డ మాయమైంది, దాంతోపాటు బొడ్డు కూడా మాయమైంది. మామూలు కడుపయితే ఇంత గొడవ ఉండేది కాదు. ఇది జాకెట్టు అంచు నుంచి తుంటి దాకా అడ్డు లేకుండా నున్నగా, ఎవరూ ఎప్పుడూ చూడనంత బట్టలేని కడుపులా కనిపించింది.

"అయ్యయ్యో, గుడ్డే ల్యా గదే!" అంది వెనకనుంచి ఒక పెద్దావిడ.

"బొడ్డు యాడికి పోయిందే?"

"ఇంతకు తెగిస్తారా, పెండ్లి పెట్టుకోని!"

వియ్యపురాలు కుర్చీలోంచి లేచింది. భోజనాల హాల్లో ఉన్న మగవాళ్ళు చేతులు కడుక్కోకుండా వచ్చి గోడవారగా నిలబడ్డారు. మా మామ చెమటలు పట్టి, "గుడ్డ ఉండాదప్పా! గుడ్డ ఉండాది!" అని వరుస వరుసకీ తిరిగి చెప్పారు. ఎవరూ నమ్మలేదు. చివరికి స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నారు.

"పెద్దలందరికీ నమస్కారం. కడుపు మీద గుడ్డ ఉండాది. మా అంగట్లో గుడ్డే. శానా మంచి క్వాలిటీ. కావాలంటే బాగా చూసుకోండి."

అప్పటిదాకా మర్యాదకు తలదించుకున్నవాళ్ళు కూడా తలెత్తారు. ముసలివాళ్ళు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. హాలంతా గుడ్డను వెతుక్కుంటూ ఆ కడుపునే చూసింది. "ఆ, ఆ పక్కన కుట్టు కనపడతాంది చూడు" అని ఒకాయన పక్కాయనకు వేలితో చూపించాడు. డ్యాన్సరు మైకుకూ వేళ్ళకూ మధ్య, లయ తప్పకుండా, తన పని పూర్తి చేసి దిగిపోయింది. ఆమె ఏం చేసిందో అడిగితే చెప్పగలిగినవాళ్ళు ఆ హాల్లో లేరు. గుడ్డ గురించి అడిగితే మీటరు ధర దాకా చెప్పేవాళ్ళు.

తర్వాతి పాట మా పాపది.

నేను వెళ్ళేసరికి స్టేజీ పక్కన అత్త పాపను పట్టుకుని ఉంది. పట్టులంగా జాకెట్టు మీద తన శాలువా చుట్టి, పిన్నుల మీద పిన్నులు పెడుతోంది.

"అత్తా, ఏంది ఇది?"

"ఇప్పుడైన గొడవ చాల్ల్యా? కప్పుకోని చెయ్యనీ. లేకుంటే వద్దు."

పాప ఏడవలేదు. నావైపు చూసి, మామూలుగా, పలక పగిలిందా అని అడిగినట్టు అడిగింది. "మ్మా, నా కడుపూ తప్పేనా?"

ఎవరో ఎప్పుడో చెబుతారని నేను భయపడిన మాట ఇదే. ఎవరూ చెప్పలేదు. పాపే పోల్చుకుంది.

నేను పిన్నులు తీశాను. ఒకటి వేలికి గుచ్చుకుంది. అత్త శాలువా భుజాన వేసుకుని పక్కకు నిలబడింది. "తప్పు కాదు. పో," అన్నాను. పాప ఎక్కింది. పాట మొదలైంది.

నేను స్టేజీకి వీపు పెట్టి హాలువైపు తిరిగాను. ఎవరు ఏ మొహం పెడతారో, ఎవరు నవ్వుతారో, ఎవరు పక్కవాళ్ళ చెవిలో గొణుగుతారో చూద్దామని. ఎవరైనా ఒక్క మాట తప్పుగా అంటే మీద పడిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఒక్కో మొహమే వెతికాను. ఒకావిడ వడ్డాణం కొక్కెం సరిచేసుకుంటోంది. మామ వియ్యంకుడికి మిగిలిన లైనింగు గుడ్డ నలిపి చూపిస్తున్నారు. పిల్లలు ఐస్‌క్రీమ్ దగ్గర తోసుకుంటున్నారు. వెనక ఎక్కడో చప్పట్లు మొదలయ్యాయి. వాటిలో వెటకారం ఉందేమోనని చెవులు రిక్కించాను. అంతలో పాట ఆగిపోయింది.

పాప చెమటతో పరుగెత్తుకుంటూ దిగి వచ్చింది.

"శానా బాగా చేసినావు," అన్నాను.

"ఆంటీ చెప్పినట్ల మోకాలు వదులు చేసినా. చూస్తివా?"

"చూసినా."

పాప నా మొహంలోకి చూసింది. "నువ్వు చూల్యామ్మా. నువ్వు ఆపక్క తిరుక్కోని ఉండావు. జేజి చూసింది."

అత్త వైపు తిరిగాను. ఆమె ఇంకా అక్కడే, ఖాళీ స్టేజీకి ఎదురుగా, శాలువా భుజాన వేసుకుని నిలబడి ఉంది. పాప వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "జేజీ, మోకాలు ఎట్లుండె?" అని అడుగుతూ ఐస్‌క్రీమ్ దిక్కు లాక్కుపోయింది.