మంచులో మరో గడ

1930లలో నన్ను ఏలూరు నుంచి కొల్లేరు సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. గట్ల తనిఖీ, సరస్సు నీటిమట్టం చూసి పై ఆఫీసుకు తెలపడం నా పనులు. మట్టం చూడటానికి నీటిలో పాతిన అంకెల స్తంభాన్ని గేజి అనేవాళ్లం. అక్కడికి ఆఫీసు పడవలో తీసుకువెళ్లేవారు.

అంతకు కొద్దికాలం ముందే నా భార్య సుభద్ర జ్వరంతో పోయింది. సరస్సు దగ్గరి మండవల్లి బసలో నాకు తిండి సయించేది కాదు. ఒక ఉదయం, లంక గ్రామపు మంగమ్మ తాటిదోనెలో నిలబడి ఒంటరిగా గడ వేసుకుంటూ పోవడం చూశాను. తాటిమాను తొలిచిన ఆ దోనెలో అడుగు తడబడితే మనిషి నీళ్లలో ఉంటాడు. నాకూ నేర్పమన్నాను.

"మీకెందుకండీ ఈ అవస్థ? ఆఫీసు పడవుంది కదండీ," అంది.

సరదాకన్నాను. ఆమె నా ముఖం చూసి గడ నా చేతికిచ్చింది. ఆమె భర్త ఆ సరస్సులోనే పోయాడని తరవాత తెలిసింది.

ఎన్నిసార్లు పడ్డానో! అరచేతులు బొబ్బలెక్కాయి, నడుము పట్టేసేది. కాని దోనెలో ఉన్నంతసేపూ మరో ఆలోచనకు చోటుండేది కాదు. మెల్లగా ఆకలి వేయసాగింది.

చలికాలం వచ్చేసరికి గేజి దగ్గరికి నేనొక్కణ్నే దోనెలో వెళ్లి వస్తున్నాను. పొద్దుటి మంచులో నా ముందు ఇంకొక గడ చప్పుడు వినిపించేది. నేను ఆగితే అదీ ఆగేది. వెంట గాజుల సవ్వడి. ఒకరోజు దాని వెనకే తుంగలోకి పోయాను. దారి పోల్చుకోలేక, "సుభద్రా" అని పిలిచాను.

"ఊఁ" అని వినిపించింది, భుజం పక్కనే.

తిరగబోయి పడ్డాను. మోకాళ్లదాకా బురదలో దిగబడ్డాను. గాజుల సవ్వడి నా చుట్టూ తిరిగింది. అలాగే ఉండిపోదామనిపించింది. ఈలోగా నా చేతులే దోనె అంచు పట్టుకున్నాయి. రోజూ చేసినట్టే దాన్ని నిలబెట్టి, నీళ్లు తోడి, పొట్టమీద పాకి ఎక్కాను.

ఒడ్డున మంగమ్మ నా తడిబట్టలు చూసింది.

"పలికిందాండీ?"

తల ఊపాను.

"మా ఆయనా పలుకుతాడండీ. పలకనివ్వండి. మీరు మాత్రం గడ ఆపకండి."

మర్నాడు మళ్లీ వెళ్లాను. చప్పుడు వచ్చింది. నేను గేజి చూసుకుని తిరిగొచ్చాను. తాడేపల్లిగూడెం బదిలీ అయ్యేదాకా అలాగే చేశాను. అదేమిటో తేల్చుకోలేదు. తేలకపోయినా దోనె నడపవచ్చునని మాత్రం తెలిసింది.