కిటికీకి అడ్డమొచ్చిన వంపు తెర

కంప్యూటర్ ఆటలు గోడంత పెద్దగా ఆడాలని, ప్రొజెక్టర్ కోసం పల్చటి ప్లైవుడ్ వంచి, తెల్ల రంగేసి, కొత్తగూడెంలోని మా ముందుగదిలో వంపు తెర కట్టాను. దాని వెనక కిటికీ మూతపడింది. ఈ రోజు పక్కింటి రిజ్వానా అక్క గుమ్మం దాకా వచ్చి, నా భార్య పద్మను పిలవకుండా నన్నే మెల్లగా అడిగింది.

"పద్మకు నా మీద కోపమొచ్చిందా తమ్మీ? కిటికీ తెరుస్తనే లేదు."

"అయ్యో, కోపం కాదక్కా. నా తెర అడ్డమొచ్చింది."

వాళ్లిద్దరూ రోజూ ఆ కిటికీ దగ్గరే మాట్లాడుకుంటారు. కట్టేటప్పుడు నాకు ఆ ధ్యాసే లేదు. ముందే చెప్పొచ్చు కదా అని పద్మనడిగాను.

"నువ్వు గంత సంబురంగ చేస్తుంటే ఎట్ల చెప్పాలె?" అంది.

ఇప్పుడే స్క్రూలు విప్పుతున్నాను. కిటికీ మేరకు కోసేస్తే మిగతా వంపు నిలుస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి. నిలవకపోయినా కోసేస్తాను.