మస్తానమ్మ దిగులు: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా రెండు రోజులు

నేను ఈ ప్రయాణం చేసింది ఊళ్లు చూడాలని కాదు. నాలుగేళ్ల పిల్ల ఒకతె తోటి పిల్లల్ని కొరుకుతుంటే ఏం చేయాలో తోచక చేశాను. అణాలు పోయి నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులవి. మాది బాపట్ల. మద్రాసులో శిశు విద్యలో శిక్షణ పూర్తిచేసి, కడపలో ఒక మహిళా సంఘం నడిపే శిశు తరగతిలో చేరి అప్పటికి నాలుగు నెలలు. పాతిక మంది పిల్లలకు నేనొక్కదాన్నే టీచరును, తోడుగా ఒక ఆయా. ఆ పాతిక మందిలో మస్తానమ్మ ఒకతె. వాళ్ల నాన్న జట్కా తోలేవాడు. పక్కన ఎవరు కూర్చున్నా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కొరికేది. ఎందుకమ్మా అని అడిగితే "నాకు దిగులు" అనేది. అమ్మ మీద బెంగ కాబోలనుకుని, సాయంత్రం అమ్మ వస్తుందిలే అని రోజూ ఊరడించేదాన్ని. మర్నాడు మళ్లీ కొరికేది. చివరికి సంఘం అధ్యక్షురాలు నన్ను పిలిచి, ఈ నెలాఖరులోగా ఆ పిల్ల మానకపోతే ఇంటికి పంపించెయ్యమన్నారు. జిల్లాలో ఇలాంటి తరగతులు ఇంకా మూడు ఉన్నాయని తెలిసి, వాళ్లేం చేస్తున్నారో చూసొస్తానని రెండు రోజులు సెలవడిగాను.

కడపలో పొద్దున ఆరుగంటల పాసింజరెక్కితే ఏడుంపావుకు ఎర్రగుంట్లలో దిగాను. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ ఉందా అని అడిగితే, "ఇడ్లీ అయిపోయిందమ్మా, ఉగ్గాని తిను" అన్నాడాయన. అదేమిటో తెలియకుండానే సరే అన్నాను. నానబెట్టిన బొరుగులకు, అదే మా మరమరాలకు, తాలింపు పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వేసి ఇచ్చాడు. బాగుంది, కానీ నోరు మండింది. అక్కడి నుంచి ప్రొద్దుటూరు బస్సుకు నాలుగణాలు. కండక్టరు పాతిక నయా పైసలన్నాడు. రెండూ ఒకటేనని నాకు నమ్మకం కుదిరేలోపు ఊరొచ్చేసింది. బస్సు ఆలస్యంగా దొరకడంతో అప్పటికే తొమ్మిదిన్నర దాటింది.

ప్రొద్దుటూరు తరగతి బంగారు అంగళ్ల బజారు వెనక ఒక పొడుగాటి హాల్లో ఉంది. ఎక్కువ మంది వ్యాపారుల పిల్లలే. టీచరు సుబ్బలక్ష్మమ్మగారికి యాభై ఏళ్లుంటాయి. ముప్ఫై మంది పిల్లలున్నా అక్కడ అరుపు లేదు. ఎవరి పలక వాళ్లు తుడుచుకున్నారు, ఎవరి గ్లాసు వాళ్లు కడిగి బోర్లించారు. రంగు కాగితాలు కత్తిరించి అందరూ ఒకేలాంటి చిలకను అంటించారు. మధ్యలో ఒక పిల్లవాడి చిలక చిరిగిపోయింది. వాడి మొహం ఎర్రబడింది, పెదవి వణికింది. నేను లేవబోయాను. వాడు నేరుగా మూలనున్న కుండ దగ్గరికి పోయి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, వచ్చి కూర్చుని ఇంకో కాగితం తీసుకున్నాడు. ఇదెలా నేర్పారని అడిగాను.

"కోపమొచ్చినా ఏడుపొచ్చినా పోయి నీళ్లు తాగమంటా" అన్నారావిడ. "తాగుతా తాగుతా ఎవురూ ఏడ్వలేరు. ఆ లోపల మనసు తిరుక్కుంటాది."

ఇంత సులభమా అనుకున్నాను. నోటు పుస్తకంలో 'నీళ్ల కుండ' అని రాసుకుని, మస్తానమ్మ సమస్య తీరిపోయినట్టే మధ్యాహ్నం ఒంటిగంట బస్సెక్కాను.

ఆ సంబరం జమ్మలమడుగు చేరేవరకే. గంట ప్రయాణం. అక్కడి తరగతి పెన్న ఏటి వైపు వెళ్లే దారిలో ఒక రేకుల కొట్టం. నడిపేది ఖాసింబీ, నాకంటే చిన్నది, ఇరవై రెండేళ్లుంటాయేమో. నేను వెళ్లేసరికి ఇద్దరు పిల్లలు గొంతెత్తి ఏడుస్తున్నారు, ఒకడు నేలను తన్నుతున్నాడు, మిగిలినవాళ్లు మోచేతుల దాకా బంకమట్టిలో ఉన్నారు. ఖాసింబీ ఎవరినీ ఊరుకోమనడం లేదు. ఏడుస్తున్న పిల్లను ఒళ్లో పెట్టుకుని మట్టి పిసుకుతోంది. ఒక పిల్లవాడు మట్టితో మనిషిని చేసి, ఇది మా నాయన అని చూపించి, వెంటనే అరచేత్తో అణిచేశాడు. మళ్లీ చేశాడు, మళ్లీ అణిచాడు. మూడోసారి చేశాక అణచకుండా, బొమ్మ నెత్తిన చిన్న తలపాగా పెట్టాడు.

నేను ఉండబట్టలేక ప్రొద్దుటూరు నీళ్ల కుండ సంగతి చెప్పాను. ఖాసింబీ మర్యాదగానే విన్నది.

"ఇంట్లో ఏడిస్తే కొడ్తారు అక్కా" అంది. "ఈడ కూడా ఏడ్వకూడదంటే ఇంక యాడ ఏడ్వాల?"

ఆ పూట వాళ్లింట్లోనే ఉన్నాను. వాళ్లమ్మ జొన్నరొట్టె, శనగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. పుస్తకం తీసి 'నీళ్ల కుండ' కొట్టేసి 'బంకమట్టి' అని రాశాను. కాసేపటికి అదీ కొట్టేశాను. అణుచుకోమని నేర్పాలా, బయటపెట్టమని నేర్పాలా? మద్రాసులో చదివిన పాఠాల్లో రెండూ ఉన్నాయి, ఏది ఎప్పుడో మాత్రం లేదు. కొరకడమూ మనసులోది బయటపెట్టడమేనా అని కూడా అనిపించి, ఇంకా తికమక పడ్డాను.

మర్నాడు ఏడింటికి ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. కంకర రోడ్డు, పదయింది చేరేసరికి. అక్కడి తరగతి గురించే నేను ఎక్కువగా విన్నాను. తీరా వెళితే టీచరు ఊళ్లో లేదు, ఏదో శిక్షణకని కడపకే వెళ్లిందట. ఆమె నా ఊళ్లో, నేను ఆమె ఊళ్లో. శనక్కాయల కాలం కావడంతో చాలామంది పిల్లలు తల్లులతో చేలకు పోయారు. వసారాలో ఆయా ఓబులమ్మ, ఏడుగురు పిల్లలు కాయలు వలుస్తూ, వలిచిన డొల్లలను నేలమీద వరసగా పేర్చి ముగ్గులు వేస్తున్నారు. తిరుగు బస్సు మూడింటికి గానీ లేదు. చేసేదేం లేక నేనూ కూర్చున్నాను.

పదకొండు దాటాక వీధి చివర రోడ్డు వేసే రోలరు కదిలింది. దాని చప్పుడుకు నా పక్కనున్న ఐదేళ్ల గంగులు నా చీర కొంగు గట్టిగా పట్టుకుని "దిగులు" అన్నాడు. అలవాటు కొద్దీ వీపు నిమిరి, సాయంత్రం మీ అమ్మ వస్తుందిలే అన్నాను. ఓబులమ్మ కాయలు వలవడం ఆపి నా వైపు వింతగా చూసింది.

"వాళ్లమ్మ ఏంటికి వస్తాది? వాడు బండికి దిగులుపడతాండాడు."

"దిగులంటే బెంగ కదా" అన్నాను.

"దిగులంటే బయమమ్మా. మీ పక్క ఏమంటారో నాకు తెల్దు."

ఆమె లేచి గంగులు చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగింది. నేనూ వెంట వెళ్లాను. రోలరుకు చాలా దూరంలో ఆగి, "ఈన్నుంచి చూస్తే శానా దిగులా, కొంచెమా?" అని అడిగింది. శానా అన్నాడు వాడు. రెండడుగులు వెనక్కి వచ్చింది. కొంచెమే అన్నాక అక్కడే నిలబడింది. కాసేపటికి వాడే ఒక అడుగు ముందుకేశాడు, తర్వాత ఇంకొకటి. ఆమె చెయ్యి లాగలేదు, పోదాం రమ్మనలేదు. తిరిగొచ్చాక వాడు బొగ్గు తీసుకుని గోడమీద ఆ రోలరు బొమ్మ గీశాడు, శనక్కాయంత. పక్కన తన బొమ్మ మూరెడు పొడుగు గీసుకున్నాడు.

మూడింటి బస్సు వేంపల్లె మీదుగా కడప చేరేసరికి ఆరున్నర. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నాలుగు నెలలుగా ఆ పిల్ల భయమేస్తోందని చెబుతుంటే, నేను అమ్మ వస్తుందని చెబుతున్నాను. అయితే దేనికి భయం? తలుపు గడియా? పక్క పిల్లలా? ఆయా చేతిలో చీపురా?

మర్నాడు పొద్దున మస్తానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, నీకు దేన్ని చూస్తే దిగులు అని అడిగాను. ఆ పిల్ల వేలు నా వైపు చూపించింది. వెనక చీపురుతో ఆయా ఉందేమోనని తిరిగి చూశాను. లేదు. నా కళ్లద్దాలా అని తీసి చూపించాను. తల అడ్డంగా ఊపింది.

"నువ్వే" అంది.

నాకు బాధ, సిగ్గు, కొంచెం కోపం కూడా కలిగాయి. చివరికి ఓబులమ్మ మాటే గుర్తొచ్చి, నేను ఎంత దూరంలో ఉంటే కొంచెమే దిగులు అని అడిగాను. ఆ పిల్ల లేచి రెండు చేతులతో నా మోకాళ్లను నెట్టింది. నెడుతూ నెడుతూ నన్ను గుమ్మం దాటించింది. మూడు రోజులు నేను వసారాలో కూర్చునే పాటలు చెప్పాను, లోపల పిల్లల్ని ఆయా చూసుకుంది. నాలుగో రోజు మస్తానమ్మ గుమ్మం దాకా వచ్చి "లోపలికి రా" అంది. ఆ నెలలో ఇంకొక్కసారి కొరికింది. అధ్యక్షురాలు ఒక పూట వచ్చి చూసి, సరే ఉండనీయమన్నారు.

నన్ను చూసి ఆ పిల్లకు భయమెందుకో నాకు ఇప్పటికీ తెలియదు. నా గొంతా, నా కోస్తా మాటా, మొదటిసారి కొరికినప్పుడు నేను దవడ పట్టుకుని విడిపించడమా? తర్వాత ముప్ఫై ఏళ్లు చిన్నపిల్లలకు చదువు చెప్పాను. నీళ్ల కుండ పెట్టాను, మట్టి తెచ్చాను, దూరాలు అడిగాను. ఒక బిడ్డకు పనికొచ్చింది ఇంకో బిడ్డకు పనికిరాలేదు. ఆ ముగ్గురు ఆడవాళ్లలో ఎవరిది సరైన పద్ధతని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తడబడతాను.

మీరూ ఇలాంటి తరగతులు చూడటానికి బయల్దేరితే ముందుగా ఉత్తరం రాయకండి. రాస్తే పిల్లలకు తలలు దువ్వి, పాట నేర్పి, వరసలో నిలబెట్టి ఉంచుతారు. తొమ్మిదికి ముందే చేరి, తల్లులు పిల్లల్ని వదిలిపెట్టి వెళ్లే ఆ అరగంటా గుమ్మం పక్కన కూర్చోండి; ఏ బిడ్డకు దేన్ని చూస్తే దిగులో అప్పుడే కనిపిస్తుంది. నేను మూడు ఊళ్లలోనూ ఆ అరగంట దాటాకే చేరాను.