అక్కడ సముద్రం ఉంటుందా, వదినా

మా నాన్నది కాశీబుగ్గలో బట్టల కొట్టు. ఇప్పుడు ఆ గల్లా దగ్గర నేను కూర్చుంటున్నాను. నాకు వచ్చిన చదువంతా అక్కడ అబ్బిందే. మొగుడూ పెళ్ళాం కలిసి కొట్టుకొస్తే ఎక్కువ మాట్లాడే మనిషితో బేరంలో పడిపోకు, మాట్లాడకుండా అంచు మడతపెట్టి చూస్తున్న మనిషి మొహం చూడు, అసలు కొనేది ఆ మనిషే అనేవాడు నాన్న. ఆ ఒక్క సంగతి మాత్రం ఎప్పటికీ మరిచిపోనని నా ధీమా.

మాది తాతల నాటి నుంచీ చర్చికి వెళ్ళే ఇల్లు. స్త్రీల సమాజంలో వాక్యం వివరించే పని నాకు అప్పగించారు. జ్ఞానం ఉందని కాదు, నోరుందని. ఈ చీర ఎన్ని ఉతుకులైనా రంగు పోదని ఏ గొంతుతో చెప్తానో, పరలోకం గురించీ అదే గొంతుతో చెప్తాను. రెండింటికీ తలలూపేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

మా ఇంటికి చేపలు తెచ్చే ఆమెది ఉద్దానంలో సముద్రం ఒడ్డునున్న ఊరు. వరసకి ఏమీ కాము. గుమ్మం దగ్గర బేరాలాడుకునీ ఆడుకునీ ఒకరికొకరం వదినలమైపోయాం. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు వేటకెళ్ళినప్పుడు పడవ బోల్తాపడింది. మనిషి మళ్ళీ ఒడ్డుకి రాలేదు. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. అప్పటి నుంచీ ఆమె నీళ్ళలో కాలు పెట్టలేదు. పడవల దగ్గరికి కూడా వెళ్ళదు, ఊరి మొదట్లో ఆటో ఆగే చోటికే చేపలు తెప్పించుకుంటుంది. ఆ తరవాతే వాళ్ళ ఊరి ప్రార్థన మందిరంలో చేరింది.

పోయిన వేసవిలో ఒకరోజు తట్ట దించి, చేపల మాట ఎత్తకుండా కూర్చుంది.

"మీ అన్నయ్య అడ్డం తిరిగీసినాడు వదినా. బాప్తీస్మానికి ఒప్పుకున్నోడు మళ్ళీ వద్దంతన్నాడు."

"ఏమొచ్చింది?"

"మొన్న పాస్టరుగారు కడవరి దినాల గురించి సెప్పినారు. రాసింది రాసినట్టే జరుగుతాదంట. కొత్త భూమి మీద సముద్రమే ఉండదంట. దాంతో ఈయన సముద్రం నేని ఊరికి నాను రానని భీష్మించుకోని కూకున్నాడు. నువ్వొచ్చి ఓ మాట సెప్పు."

"మీ పాస్టరుగారు చెప్పలేరా?"

"ఆయన కోప్పడతారు. నువ్వయితే బేరమాడతావు."

నాకది పెద్ద బిరుదులా అనిపించింది. మర్నాడే ఆటో ఎక్కాను.

అన్నయ్య, అంటే వదిన మొగుడు, కొబ్బరిచెట్ల నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. కాళ్ళ వాపులొచ్చి వేట మానేసినా వల మానలేదు.

"రా సెల్లీ. నన్ను కొనీడానికొచ్చినావేటి?"

"కొనడానిక్కాదన్నయ్యా, అమ్మడానికి."

"ఏటమ్ముతావు? ఆ ఊల్లో బంగారం ఈదులంట కదా. బంగారం మీద వలారేత్తే మాడి మసైపోదూ? పొద్దున్న లెగిసి ఏటి సూడాల నాను? మీ కొట్లో సీరలా?"

నవ్వాను. నవ్వుతూనే సరుకు విప్పాను. మా చర్చి అయ్యగారు ఒక ఆదివారం చెప్పిన మాటలే అవి. పరిశుద్ధ గ్రంథంలో చివర ఉన్నవన్నీ చాలావరకు గుర్తులు. మృగమంటే మృగం కాదు, కొమ్ములంటే కొమ్ములు కాదు. సముద్రం ఉండదంటే భయం ఉండదని, ఏడుపు ఉండదని.

"నీళ్ళ సంగతి కాదన్నయ్యా అది."

"అంటే సముద్రం ఉంటాదా?"

అయ్యగారు ఆ మాట అనలేదు. కానీ గిరాకీ చెయ్యి బట్ట మీద పడ్డాక ఉండొచ్చేమో, ఉండకపోవచ్చేమో అని ఏ కొట్టువాళ్ళూ అనరు.

"ఉంటుంది. నీ సముద్రం ఎక్కడికీ పోదు."

"అలలుంటాయా?"

"ఉంటాయి."

"కానాగంతల సేపలు?"

"అవీ ఉంటాయి. అక్కడైతే ముళ్ళు కూడా ఉండవు."

అన్నయ్య వల పక్కన పెట్టి పగలబడి నవ్వాడు. "అయితే ముంచీమను!"

వదిన టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసులు మా చేతికిచ్చి, మళ్ళీ గుమ్మంలోకే వెళ్ళి, చెంగు అంచు మడతపెడుతూ నిలబడింది. నేను ఆ మొహం వైపు చూడను కూడా లేదు. టీ బాగుందన్నాను.

ఆ ఊళ్ళో బాప్తీస్మం సముద్రంలోనే ఇస్తారు. ఆ ఆదివారం పాస్టరుగారు, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు అన్నయ్యని రెక్కలు పట్టుకుని అలల్లోకి నడిపించారు. అందరూ ఒడ్డున పాడుతున్నారు. వదిన మాత్రం దూరంగా సరుగుడు చెట్ల కింద ఉండిపోయింది. మెప్పు పుచ్చుకుందామని, ఉన్నమాటే చెప్తున్నాను, అందుకే నేను అక్కడికి వెళ్ళాను.

"చూశావా వదినా, ఒప్పించాను."

"ఒప్పించినావు." ఆమె ఇసకలోకి చూస్తోంది. "ఓ మాటడుగుతాను, ఏటనుకోకు. ఆ రోజున సముద్రం తన కడుపులో ఉన్నోళ్ళందర్నీ తిరిగి అప్పజెప్పీత్తాదని పాస్టరుగారు సదివినారు. ఆ తరవాతే సముద్రం ఉండదంట. నాను ఆ మాటట్టుకునే ఉన్నాను. సముద్రం ఉట్టి గుర్తే అయితే, మా గుంటణ్ణి అప్పజెప్పడం కూడా ఉట్టి గుర్తేనా?"

"అది వేరు వదినా."

"ఎలగేరు?"

అప్పుడు తెలిసింది, అన్నయ్యకి నచ్చేలా నేను కత్తిరించి ఇచ్చేసింది ఆమె బట్టలోంచేనని. అన్నయ్య ఒళ్ళంతా నీళ్ళు కారుతూ వచ్చి, "సెల్లీ, నీ సముద్రం కూడా ఉప్పగానే ఉంటాదా?" అని కేకేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా అయ్యగారిని అడిగాను. "గుర్తు అంటే అబద్ధమని కాదమ్మా. అయినా అక్కడ నీళ్ళుంటాయని నేనెప్పుడన్నాను?" అన్నారు. ఎవరో అన్నారని చెప్పి ఊరుకున్నాను. ఆయన దగ్గర కూడా సరుకు నాది కాదనేశాను.

కొన్నాళ్ళు వదిన మా వీధికి రాలేదు. వచ్చిన రోజు ఆమె చెప్పిన ధరకే చేపలు తీసుకోబోయాను.

"బేరమాడవేటి? నామీద జాలేటి?"

"జాలి కాదు వదినా. అన్నయ్యకి నేను చెప్పింది నాకు తెలిసి చెప్పింది కాదు. అక్కడ సముద్రం ఉంటుందో ఉండదో నాకు తెలీదు. అప్పజెప్పే మాట మాత్రం రాసి ఉంది."

"ఆయనకి సెప్పకు. మునిగీసినాడు కదా, ఉండనీ." తట్ట పక్కకి జరిపింది. "నాకు సూపించు. ఎక్కడ రాసున్నాది?"

గ్రంథం తెచ్చి ఆ పేజీ తీశాను. ఆమెకి చదువు రాదు. ఆమె వేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టాను. వేలి మీది చేపపొలుసు ఒకటి కాగితానికి అంటుకుంది.

"ఇదేనా?"

"ఇదే."

"రాసున్నాదా, నువ్వంతన్నావా?"

"రాసుంది వదినా."

ఆమె వేలు తియ్యలేదు. నా మొహం చూసింది, కాగితం చూసింది. "పేజీ మడతెట్టియ్యి. మీ పక్కింటి టీచరమ్మ సేత కూడా ఓపాలి సదివించుకుంటాను."

మా కొట్లో కొన్న బట్ట పట్టుకుని రంగు నిలుస్తుందో లేదో పక్క కొట్లో అడగడానికి వెళ్ళేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళ వెనక నుంచి ఏదో ఒక చమత్కారం విసరకుండా ఎప్పుడూ ఉండలేదు. ఈసారి పేజీ మూల మడిచి ఇచ్చాను. ఆమె గ్రంథాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కింటి గేటు తీసింది. నేను చేపల తట్ట పక్కన మెట్టు మీద కూర్చున్నాను. గోడ అవతల టీచరమ్మ కళ్ళజోడు కోసం వెతుక్కుంటోంది. తరవాత ఆ వరస చదివింది, నిదానంగా, ఒక్క మాటైనా తనది కలపకుండా.

"ఇంకోపాలి సదవండమ్మా," అంటోంది వదిన.