చొక్కాలో వచ్చిన దుమ్ము

ఎండాకాలంలో పట్టుకున్న దగ్గు వానలు మొదలైనా నన్ను వదల్లేదు. మిరియాల కషాయం తాగాను, మందులషాపు సిరప్పులు తాగాను. చివరికి తిరుపతిలో ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ నా వీపు మీద గొట్టం పెట్టి విని, అనుకోని ప్రశ్న అడిగింది.

"మీ ఆయన ఏం పని చేస్తాడు?"

"రేణిగుంట రోడ్డులో బ్రేకుల షెడ్డు ఉండాది మేడం."

"ఆయన బట్టలు ఎవరు ఉతుకుతారు?"

ఉతికేది నేనే. పెళ్లయినప్పటి నుంచీ ఆయన చొక్కాను పెరట్లో గట్టిగా దులిపి, ఆ తర్వాతే నానబెడతాను. నల్లటి పొడి ముఖం మీదికే రేగుతుంది.

బ్రేకులు అరిగి రాలే ఆ పొడిలో ఇనుము, రాగి, మసి ఉంటాయని, మరీ సన్నటి నలుసులు ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయని ఆమె చెప్పింది. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉంటే, అది చేసే చెరుపు ఏళ్ల తర్వాత గానీ బయటపడదట. నా ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. అయినా "ఏళ్ల తర్వాత" అన్న మాటే చెవిలో తిరుగుతుంటే ఇంటికి పోలేక, ఆటో ఎక్కి షెడ్డుకు పోయాను.

కొండ దిగివచ్చిన జీపు చక్రం ఊడదీసి, మా ఆయన గాలి పైపుతో బ్రేకు డ్రమ్మును ఊదుతున్నాడు. దుమ్ము పొగలా లేచింది.

"ఈడికెందుకొచ్చినావు మే?"

డాక్టరమ్మ మాటలు చెప్పాను. నవ్వాడు.

"ఇన్నేండ్లుగా పీలుస్తా ఉండా. నాకేమైంది సూడు!"

"నీకేం కాలేదు. దగ్గుతా ఉండేది నేను గదా!"

నవ్వు ఆగిపోయింది. పైపు కింద పెట్టేశాడు.

మర్నాటి నుంచి డ్రమ్ములను ఊదకుండా తడిబ్రష్షుతో కడగడం, మాస్కు కట్టుకోవడం, షెడ్డులోనే స్నానం చేసి బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టాడు. ఎక్స్‌రేకు మాత్రం ససేమిరా అన్నాడు. ఉండబట్టలేక, చిన్నప్పుడు ఆ పెరట్లోనే ఆడుకుని ఇప్పుడు చిత్తూరులో ఉన్న కూతురికి ఫోన్ చేశాను.

"నీకు దగ్గేమైనా ఉండాదా?"

"లేదుమా. ఎందుకు?"

అంతా చెప్పాను. అది విన్న తర్వాత, "ఫోను నాయనకియ్యి" అంది. ఆ ఆదివారం బస్సెక్కి వచ్చి, మరునాడు తనే ఆయన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఆయన ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. నా దగ్గు మెల్లమెల్లగా తగ్గింది. ఏటా ఒకసారి వచ్చి చూపించుకొమ్మని డాక్టరమ్మ ఇద్దరికీ చెప్పింది. కానీ ఇప్పటికీ ఆయన గొంతు సవరించుకుంటే చాలు, చేతిలో పని ఆపి, మళ్లీ దగ్గుతాడేమోనని చెవి ఒగ్గి నిలబడిపోతాను.