నా పేరున పడని పోగు

నా మాట ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. వినపడక కాదు, వినీ విననట్టు ఊరుకున్నారు. అడిగి అడిగి అలసిపోయి రాస్తున్నాను.

మా ఊరు విమానాశ్రయం కిందికి పోయాక శంషాబాద్ అవతల అందరికీ ఒకే చోట ప్లాట్లు ఇచ్చారు. పోచమ్మ గుడి కూడా ఊరితోపాటు అక్కడికే వచ్చింది. నేను మాత్రం కూతురి కాలేజీ కోసం బుద్వేల్‌లో కిరాయికి ఉంటున్నాను.

పోచమ్మ పండుగకు పొట్టేళ్లు కోసి, పొయ్యికొక పోగు, అంటే వేరుగా వండుకునే ప్రతి ఇంటికీ ఒక వాటా చొప్పున మాంసం పంచుకోవడం మా పద్ధతి. పోగు పడితేనే ఊరివాడు.

పోయిన పండుగకు విమానాశ్రయంలో డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకోకుండానే డబ్బా పట్టుకుని వెళ్లాను. నా పోగు లేదు. పోగులు పెట్టించే పెద్దమనిషి వరసకు మా నాయనకు అన్న. చేతులు కడుక్కుంటున్నాడు.

"నా పోగేది పెద్దబాపూ?"

"నీది నీ తమ్ముని పోగుల కలిపినం."

"మేం వేరువడి ఎన్నేండ్లాయె. గట్లెట్ల కలుపుతరు?"

"నీ పొయ్యి ఈడ మండుతలేదు గద బిడ్డా. బుద్వేల్ల గ్యాసు మీద వండుకుంటే ఈడికి పొగ కనవడతదా?"

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. వాడి పోగు చూశాను. పక్కింటివాళ్లదెంతో అదీ అంతే. అందులో నాది కలిపిందేమీ లేదు.

ఇంటికొస్తే కూతురు పరీక్షకు సామాజికశాస్త్రం పైకి చదువుతోంది. బంధువులు, ఇరుగుపొరుగు ప్రాథమిక సమూహమట. పని కోసం కలిసేవాళ్లు ద్వితీయ సమూహమట. ఖాళీ డబ్బా కడిగి బోర్లించాను.

మర్నాడు విమానాశ్రయంలో నాతో సామాన్లు ఎత్తే షాద్‌నగర్ అతను అన్నం దగ్గర అడిగాడు.

"ఏందన్నా, పండుగ కూర తెస్తనంటివి. పొద్దుగాల టిఫిన్ గూడ తినకుండ కూసున్న."

నా డబ్బా మూత తీశాను. పప్పు. అతను తన గుడ్ల కూరలో సగం నా అన్నంలో వేశాడు. పుస్తకం లెక్కన ఇతను రెండో రకం. మంచివాడే. కానీ నేను అడుగుతున్నది అతని కూర కాదు, నా పోగు.

ఆ తర్వాత పెద్దబాపును ఒక పెళ్లిలో అడిగాను, బస్‌స్టాప్‌లో అడిగాను, ఫోన్ చేసి అడిగాను. "చూద్దాం తీ" అనడం తప్ప ఇంకో మాట లేదు.

మళ్లీ పండుగ దగ్గరికొచ్చింది. పెద్దబాపూ, ఇంక చూద్దామనకు. బుద్వేల్‌లో వెలిగే నా పొయ్యి ఊరి పొయ్యేనా, కాదా? తమ్ముడి వైపు చూడకుండా, నా మొఖం చూసి చెప్పు. డబ్బా తెచ్చుకోవాలో వద్దో నాకు తెలియాలి.