శివ తాగలేదు

రామచంద్రరావు సారు మీద మొగిలయ్య రెండేళ్లు పగబట్టి తిరిగాడు. పైకి మాత్రం "సారూ" అంటూ తట్టలు మోశాడు.

మొగిలయ్యది నాచారం. బావులు తవ్విన చెయ్యి. బోర్లొచ్చి బావుల పని పడిపోతే, ఉప్పల్‌లో భూకంపాల ఆఫీసుకు తవ్వకం కూలీగా చేరాడు. పూర్వం భూకంపాలకు నేల ఎక్కడ తెగిందో తెలియాలంటే, అప్పుడు లేచిన గట్టుకు అడ్డంగా రెండు నిలువుల లోతు కందకం తవ్వాలి. దాని గోడలో మట్టి పొరలు చూసి సార్లు లెక్కలు కడతారు. ఆ పని మీద సారు వెంట కచ్ఛ్ దాకా వెళ్తూ, బామ్మర్ది శివనూ తీసుకెళ్లాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

2003లో కందకం గోడ నెర్రెలిచ్చింది.

"సారూ, గోడ కూలెటట్టున్నది. జర కట్టెలు ఆపు పెడ్దాం" అన్నాడు శివ.

"తవ్వడం నీ పని, చెప్పడం నా పని. దిగు" అన్నాడు సారు.

శివ దిగాడు. గోడ మీద పడింది. రిపోర్టులో సారు ఏం రాశాడో తెలుసా? కూలీ తాగి, చెప్పకుండా దిగాడని! కల్లు వాసనే పడేది కాదు శివకు. "సచ్చిపోయిన నా తమ్మున్ని తాగుబోతును జేసిండు గదనయ్యా" అని పెళ్లాం సత్తమ్మ గుండెలు బాదుకుంటే మొగిలయ్య కడుపు రగిలిపోయింది.

2005లో మరో కందకం. గోడలో నల్లటి వంకర చార కనబడగానే, పాత భూకంపానికి నేల విచ్చిన పగులు ఇదేనని సారు గంతులేశాడు. మొగిలయ్య తాపీ ఆనించాడు. మట్టి పిండిలా రాలింది. పందికొక్కు బొక్క! నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

కందకం పూడ్చేముందు వేరే ఊళ్ల పెద్ద సార్లను పిలిచి గోడ చూపించడం వాళ్ల ఆనవాయితీ. వాళ్ల కళ్లముందే కూలీ గోడను తాజాగా గీకాలి. ఆ రోజు కోసం మొగిలయ్య వేయి కళ్లతో ఎదురుచూశాడు.

కందకంలోకి దిగిన పన్నెండుమంది ముందు సారు ఉపన్యాసం దంచుతుంటే, మొగిలయ్య నిదానంగా గీకాడు. సజ్జ పొట్టు రాలింది. ఇంకాస్త గీకితే పందికొక్కు గూడు, అందులో యూరియా సంచి పోగులు. ఎవరో కిసుక్కున నవ్వారు. సారు ముఖాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. మొగిలయ్య ప్రాణం ఎంత హాయిగా ఉందో!

"ముందే చెప్పి చావొచ్చు కదరా!" అని అరిచాడు సారు.

"మా శివ ముందే జెప్పిండు గద సారూ, గోడ కూలుతదని. తాగుబోతని రాస్తిరి. నేను జెప్తే ఏమని రాద్దురో అనుకున్న."

"శివ ఎవరు?" అని అడిగాడు వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన. రెండేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

సారు గబగబా పైకెక్కబోయాడు. మొగిలయ్య నిచ్చెనకు అడ్డంగా నిలబడి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.